బియ్యంలో రాసిన పేరు

మొన్న మా చెల్లెలి కూతుర్ని చూడ్డానికి రాజమండ్రి వెళ్ళాను. ఇంకా పేరు పెట్టని పసిగుడ్డు. మంచమ్మీద పిల్ల పక్కన చెల్లెలు, మంచం చివర మరిది, ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లు. పేరు వెతుకుతున్నారు. ఒక పేరు అనుకోవడం, దాన్ని రేపు బళ్ళో పిల్లలు ఎలా వంకర తిప్పుతారో ఊహించుకోవడం, వద్దనుకోవడం. "తన్విక అంటే అందరూ తన్నూ అంటారండీ, తన్నమన్నట్టుంటుంది" అని ఇది. "పోనీ మోక్షిత? మొక్కూ అంటారేమో" అని అతను. నేను నవ్వుతూ వింటున్నాను. అంతలో మా చెల్లెలు తలెత్తి, "అవునక్కా, నాకీ పేరు ఎవరు పెట్టారు? అమ్మ ఉన్నప్పుడు ఎన్నిసార్లడిగినా మాట దాటేసేది. నాన్నయితే లేచి వెళ్ళిపోతారు" అంది. నా నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్ళూ దానికి ఎవరూ చెప్పలేదన్న సంగతి నాకప్పుడే తెలిసింది. దాని బారసాల రోజు మా సావిట్లో కూర్చున్న ఇంటివాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనూ, నాన్నగారూను. నాన్నగారు చెప్పరు. కాబట్టి నేనే చెప్పాను. దానికి చెప్పింది తొందర తొందరగా, పిల్ల లేచేలోపు. ఇక్కడ తీరుబాటుగా రాసుకుంటున్నాను.

మాది ధవళేశ్వరంలో కాలవగట్టుని ఆనుకుని ఉన్న పెంకుటిల్లు. మా తాతయ్య కాలవ లాకుల దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యారు. లాకు తలుపులెత్తితే నీళ్ళు ఏ చప్పుడు చేస్తాయో, దించితే ఏ చప్పుడు చేస్తాయో మంచమ్మీద పడుకునే చెప్పేసేవారు. ఆయన సొంతూరు కింద లంకల్లో ఎక్కడో ఉండేదట. సగం ఊరు గోదారి కోసుకుపోయాక జనం తలో దిక్కూ పోయారని, మనవాళ్ళంటూ ఇప్పుడక్కడ ఎవరూ లేరని అనేవారు. అందుకే మాకు చుట్టాల రాకపోకలు తక్కువ. నాన్నగారు రోజూ పొద్దున్నే బస్సెక్కి రాజమండ్రిలో ఆఫీసుకి వెళ్ళేవారు. ఎండాకాలం కాలవ కట్టేస్తే అడుగు బురద ఎండుతున్న వాసన, మళ్ళీ నీళ్ళొదిలిన నాడు తడిమట్టి వాసన, మా ఇంట్లో కాలం మారడం ముక్కుకే ముందు తెలిసేది. మనుషుల్ని కూడా నేను వాసనలతోనే గుర్తుపెట్టుకున్నాను. తాతయ్యంటే ముక్కుపొడుం. అమ్మంటే చంద్రిక సబ్బు. నానమ్మంటే ఆముదం, కట్టెల పొయ్యి పొగ.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, ఇక పిల్లలు పుట్టరనుకున్న అమ్మకి మా చెల్లెలు పుట్టింది. అమ్మకి తల్లి చిన్నప్పుడే పోయింది. పుట్టింట్లో పురుడు పోసేవాళ్ళు లేరు. ఆస్పత్రి నుంచి తిన్నగా మా ఇంటికే తీసుకొచ్చారు. ఆ రోజు నుంచి నానమ్మ నడుం వాల్చింది లేదు. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు దంచి బెల్లం పాకంలో కలిపి కాయం చేసి, ఉసిరికాయంత ఉండ రోజూ పొద్దున్నే అమ్మ నోట్లో తనే పెట్టేది. ఆ ఘాటుకి ఇల్లంతా తుమ్ములే. పెరట్లో పెద్ద కాగులో నీళ్ళు మసిలేవి. పీట మీద కాళ్ళు బారజాపి కూర్చుని, పిల్లని కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టుకుని, ఆముదం రాసి, నలుగు పెట్టి, ఎర్రగా కందిపోయేదాకా నీళ్ళు పోసేది. ఆ తర్వాత సాంబ్రాణి పొగ. పొగలోంచి పిల్ల దగ్గు, నానమ్మ నవ్వు వినిపించేవి. పిల్లకయ్యాక అమ్మకి. అమ్మ జుట్టు పాయలు పాయలుగా విడదీసి సాంబ్రాణి పడుతుంటే, అమ్మ కళ్ళు మూసుకుని నాతో ఒకసారి అంది, "మా అమ్మ ఉన్నా ఇంతే చేసేదే. ఇంతకంటే చెయ్యలేదు."

పేరు పెట్టని ఆ రోజుల్లో మా చెల్లెలికి లేని పేరు లేదు. నాన్నగారికి చిట్టి. తాతయ్యకి పిచ్చితల్లి. పక్కింటి పాపాయమ్మగారికి బుజ్జిముండ. నేను మాత్రం మా క్లాసులో అందరికీ మా చెల్లెలి పేరు స్నేహ అని ముందే చెప్పేసుకున్నాను. నానమ్మ ఏ పేరూ పెట్టి పిలిచేది కాదు. "ఏమ్మా, ఏమ్మా" అనేది, అంతే. పంతులుగారొచ్చి నక్షత్రం చూసి, 'స' అక్షరంతో పెట్టండన్నారు. స్నేహ కూడా 'స'తోనే మొదలు కదా అని నేను గంతులేశాను. ఆ సాయంత్రం ఉయ్యాల ఊపుతుంటే అమ్మా నాన్నగారూ గుసగుసలాడుకోవడం విన్నాను.

"మీ అమ్మగారి పేరే పెడదామండీ. సత్యవతి. అక్షరం కూడా కలిసింది. అదే పెట్టమని దేవుడు చెప్పినట్టుంది నాకు" అంది అమ్మ.

"ఈ రోజుల్లో సత్యవతేంటే? బళ్ళో సత్తీ సత్తీ అంటారు."

"మనం సత్య అని పిలుద్దాం. మొన్న టీవీలో ఎవరో అమ్మాయి పేరు సత్యే. బావుంది. ముందు ఆవిడకి చెప్పకండి. పళ్ళెంలో చూసి మురిసిపోవాలి."

అమ్మ నన్ను దగ్గరికి పిలిచి ఒట్టేయించుకుంది, నానమ్మకి చెప్పనని. స్నేహ పోయినందుకు కాసేపు మూతి ముడుచుకున్నాను గానీ, నానమ్మ మొహం ఎలా వెలిగిపోతుందో తల్చుకుంటే నాకూ ఉత్సాహం వచ్చింది. పాపాయమ్మగారికి మాత్రం అమ్మ చెప్పకుండా ఉండలేకపోయింది. ఆవిడ నోటిమీద చెయ్యేసుకుని, "అత్తగారి పేరు పెట్టుకుంటే రేపు పిల్ల అల్లరి చేస్తే తిట్టుకోడానిక్కూడా ఉండదమ్మా నీకు! పేరెత్తి ఒక్క మాటన్నా ఆవిడ్ని అన్నట్టే" అంది. అమ్మ నవ్వింది. "అందుకే కదండీ ముద్దుపేరు."

బారసాల ఇరవై ఒకటో రోజున. వీధరుగు కడిగి ముగ్గులేశారు. సావిట్లో దూలానికి కొత్త ఉయ్యాల కట్టి, బంతిపూల దండలు చుట్టారు. వంటింట్లోంచి బూరెల వాసన. అమ్మ పసుపు రంగు చీర కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకునే, పీటల మీద నాన్నగారి పక్కన కూర్చుంది. నానమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుని వాళ్ళకెదురుగా. తాతయ్య గోడ పక్కన చెక్క కుర్చీలో, ఇస్త్రీ కండువాతో. పదిమంది దాకా ఇరుగుపొరుగు. పంతులుగారు ఇత్తడి పళ్ళెంలో బియ్యం పోసి, చదును చేసి, నాన్నగారి వేలి ఉంగరం తీయించి, దాంతో పేరు రాయమన్నారు. నాన్నగారు అమ్మ వైపు ఒకసారి చూసి, వంగి, నెమ్మదిగా రాశారు. పంతులుగారు కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదివారు, "చిరంజీవి సౌభాగ్యవతి సత్యవతి! అమ్మా, మీ పేరేనండోయ్!"

అందరూ నానమ్మ వైపు తిరిగారు. నేనైతే ఆవిడ మొహం మీంచి చూపు తిప్పలేదు. ఆ మొహం వెలగలేదు. ఎవరో చెంపమీద కొట్టినట్టు ఒక్కసారి వెనక్కి పోయింది. పెదాలు తెల్లబడ్డాయి. పిల్లని అమ్మ ఒళ్ళో పెట్టింది. మోకాళ్ళ మీద ముందుకొచ్చి, పళ్ళెంలోకి చెయ్యి చాపి, అరచేత్తో ఆ బియ్యాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి తుడిచేసింది.

పంతులుగారే ముందు తేరుకున్నారు. "అయ్యయ్యో, అదేంటమ్మా! శుభమా అని పేరు రాసుకుంటే చెరిపేశారేంటి?"

"చెరపాలండి పంతులుగారూ. అది పోయినామె పేరు. పసిదానికి వద్దు."

నాన్నగారు నవ్వబోయారు. "అమ్మా, అది నీ పేరే. పోయినామె ఎవరే?"

"నా పేరు కాదురా" అంది నానమ్మ.

నాకు ఆవిడకి ఏదో అయిందనిపించింది. పురిటి పనితో నిద్రల్లేక మతి చలించిందేమోనని పాపాయమ్మగారు కూడా లేచి, "సత్యవతమ్మగారూ, కాసిని మంచినీళ్ళు..." అంటూ దగ్గరికొచ్చింది. నానమ్మ ఆవిడ్ని చేత్తో ఆపింది. తాతయ్య వైపు చూసింది. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

తాతయ్య కుర్చీలో ముందుకి వంగి నేలకేసి చూస్తున్నారు. తలెత్తకుండానే, "నువ్వే చెప్పు" అన్నారు. ఆ రెండు మాటలతో నాన్నగారి మొహంలో నెత్తురు లేకుండా పోయింది. అప్పటిదాకా తల్లికి మతి చలించిందనే ఆయనా అనుకున్నారు.

నానమ్మ గొంతు పెంచలేదు. కూర తరుగుతూ మాట్లాడినట్టు చెప్పింది. "నాకంటే ముందు ఈయనకో పెళ్ళయింది. ఆవిడ పేరు సత్యవతి. కాపరానికొచ్చిన ఏడాదిలోనే జొరమొచ్చి పోయింది. నన్ను తెచ్చుకున్నాక ఆ పేరు నాకు పెట్టారు. ఆవిడ ఊరుకోదని, ఇంట్లో ఇంకా తనే ఉన్నాననుకుంటే శాంతిస్తుందని. ఇన్నేళ్ళూ మోశాను. నా మనవరాలు మోయక్కర్లేదు."

"మరి నీ పేరేంటమ్మా?" నాన్నగారి గొంతు చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది. తల్లి పేరు తెలియని కొడుకు. నలభై ఏళ్ళు దగ్గర పడుతున్న మనిషి.

నానమ్మ నోరు తెరిచింది. వెంటనే రాలేదు. రెండుసార్లు మింగి, అప్పుడు, "మరిడమ్మ" అంది. "పెద్దాపురం మరిడమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టానని మా నాన్న పెట్టాడు."

అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. తను ప్రేమతో ఇవ్వబోయింది ఏంటో, అది ఎక్కడ తగిలిందో అమ్మకి అప్పుడర్థమైనట్టుంది. "అయితే ఆ పేరే రాయండి. మరిడమ్మ అనే రాయండి. అక్షరం కలవకపోతే మానె" అంది ఏడుపులోనే. పంతులుగారు బియ్యం మళ్ళీ చదును చేయబోయారు. నానమ్మ ఒప్పుకోలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని, "వద్దమ్మా. నాదీ వద్దు, ఆవిడదీ వద్దు. ఎవరూ తొడుక్కోని పేరు పెట్టు. అత్తని మెప్పించడానిక్కాదు. నీ కడుపున పుట్టింది, నీకేం ఇష్టమో అది పెట్టు. పెళ్ళికాకముందు నువ్వేదో అనుకునే ఉంటావు. ఆడపిల్లలందరూ అనుకుంటారు" అంది.

అమ్మ పిల్ల నుదుటి మీది జుట్టు సర్దుతూ కూర్చుంది. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, "సహజ" అంది. కాలేజీ రోజుల్లో అనుకున్న పేరట. నేను పుట్టినప్పుడు చెప్పడానికి ధైర్యం చాల్లేదట. నా పేరు మా పెదతాతగారు పెట్టారు. నాన్నగారు ఉంగరం తీసుకుని రాశారు. ఈసారి 'జ' అక్షరం సరిగ్గా పడలేదు. పంతులుగారు దాన్నే సరిపెట్టుకుని మంత్రం చదివారు.

భోజనాల్లో బూరెలు మిగిలిపోయాయి. నాన్నగారు విస్తట్లో కాసేపు కెలికి లేచి, కాలవగట్టు మీదకెళ్ళి కూర్చున్నారు. అందరూ వెళ్ళాక, మధ్యాహ్నం, అమ్మ పిల్లకి పాలిస్తుంటే నానమ్మ ఆ గది గుమ్మంలో చేరగిలబడి మిగతాది చెప్పింది. నేను అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని విన్నాను. ఎవరూ నన్ను పొమ్మనలేదు.

వోణీలేసుకునే వయసులో పెళ్ళి. పడవ దిగి, బండెక్కి, లంకలో ఇంటి ముందు దిగితే అత్తగారు హారతి పళ్ళెంతో ఎదురొచ్చి, "సత్యవతీ, కుడికాలు లోపల పెట్టమ్మా" అందట. నా పేరు అది కాదండీ అని ఈవిడ అంటే, "ఇక్కణ్ణుంచీ అదే" అందట నవ్వుతూ. అదేదో గారాబం అనుకుందట ఈవిడ. కొన్నాళ్ళకి ఇంట్లో సంవత్సరీకం వచ్చింది. ఎవరిదో చెప్పకుండానే తెల్లారకట్ల లేపి, తలస్నానం చేయించి, వంటకి కూర్చోబెట్టారు. సావిట్లో బ్రాహ్మడు 'సత్యవతి' అంటూ పేరు చెప్పి పిండాలు పెట్టిస్తున్నాడు. వంటింటి గుమ్మంలోంచి అత్తగారు, "సత్యవతీ, నెయ్యి పట్రా" అంటోంది. "నేను నెయ్యిగిన్నె పట్టుకుని నిలబడిపోయానమ్మా. అక్కడ పిండం పెడుతున్నదీ సత్యవతికే, ఇక్కడ నెయ్యి తెచ్చేదీ సత్యవతే. ఆ రోజు నా చేతులు నేనే పట్టి పట్టి చూసుకున్నాను, వెచ్చగా ఉన్నాయా లేదా అని."

అమ్మ పిల్లని గుండెలకి అదుముకుంది. "మీ పుట్టింటివాళ్ళు ఏమీ అనలేదా అత్తయ్యగారూ?"

"మా అమ్మొచ్చింది ఒకసారి. వీధిలోంచే 'మరిడీ' అని కేకేసింది. మా అత్తగారు పరిగెత్తుకెళ్ళి నోరు నొక్కినంత పని చేసింది. ఆ తర్వాత మా అమ్మ కూడా 'అమ్మాయ్' అనే పిలిచింది. పోయేదాకా అంతే. తమ్ముళ్ళంటే అక్కా అంటారు, వాళ్ళకి పేరుతో పనేముంది?"

ఎప్పుడొచ్చారో తెలియదు, తాతయ్య ఆవిడ వెనక నిలబడి ఉన్నారు. చేతిలో పొడుం డబ్బా, మూత తీయలేదు. అమ్మ పైట సర్దుకుంది. ఆయన అమ్మతోనో, నాతోనో, గోడతోనో అన్నట్టు, "మా అమ్మ మాటకి ఎదురు చెప్పలేకపోయాను. కానీ నేను ఒక్కనాడు కూడా ఆ పేరుతో పిలవలేదు. కావాలంటే దాన్నే అడగండి" అన్నారు. అది నిజమే. మా తాతయ్య నానమ్మని ఎప్పుడూ "ఏమేవ్" అనే పిలిచేవారు. పాతకాలం మగవాళ్ళందరూ అంతే కదా అనుకున్నాను నేను. దాని వెనక ఇంత ఉందనుకోలేదు.

నానమ్మ వెనక్కి తిరగలేదు. "ఆ పేరుతో పిలవలేదు, ఒప్పుకుంటాను. నా పేరుతో పిలిచారా?" అంది.

తాతయ్య చెప్పులేసుకుని బయటికెళ్ళారు. కాసేపటికి నేను వీధిలోకొచ్చి చూస్తే, గట్టు మీద తండ్రీ కొడుకులు నాలుగు బారల దూరంలో, ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడకుండా కాలవకేసి చూస్తూ కూర్చున్నారు.

సహజ పేరు నానమ్మ నోట ఎప్పుడూ సరిగ్గా పలకలేదు. సజ్జ అనేది, గారాబం ఎక్కువైతే సజ్జమ్మ. మా వీధి పిల్లలు దాన్ని సజ్జలూ, జొన్నలూ అని ఏడిపించేవారు. వాళ్ళని తిట్టడానికి నానమ్మే ముందుండేది, ఆ పేరు పుట్టించింది తనేనని మర్చిపోయి. ఇంట్లో ఎవరు పిలిచినా ఆ పిల్లకి నానమ్మ పిలుపే పిలుపు. పాలుతాగే వయసు నుంచీ సజ్జా అంటే చాలు, ఉయ్యాల్లోంచి తల ఎత్తేది. నానమ్మ ఆ ఎత్తిన తలని చూసి మురిసిపోవడం నాకు బాగా గుర్తు. "పిలిస్తే పలికింది చూశావా" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేది.

ఇప్పుడు మా చెల్లెలు కూతురి పేరు కోసం ఇంత తర్జనభర్జన పడుతుంటే కొందరు నవ్వుతారు. పేరులో ఏముంది, ఏదో ఒకటి పెట్టెయ్యక అంటారు. నేను నవ్వలేను. పేరు పుట్టినప్పుడు ఒకసారి పెడితే ఉండిపోయేదనుకునేదాన్ని, ఆ బారసాల దాకా. గడప దాటగానే ఒక మనిషి పేరు ఒలిచేసి ఇంకొకరిది తొడగొచ్చని, దాన్ని ఆ మనిషి కన్నకొడుక్కి కూడా తెలియకుండా దాచొచ్చని, అది కూడా ఏ దుర్మార్గులో కాదు, మనకి బూరెలు చేసి పెట్టే మనుషులే చెయ్యొచ్చని నాకు పదమూడేళ్ళప్పుడు తెలిసింది. ఇప్పటి ఆడపిల్లలు పెళ్ళయ్యాక ఇంటిపేరు కూడా మార్చుకోం అంటున్నారు. దాని మీద వాదనలు జరుగుతుంటే నేను మధ్యలో దూరను. మా నానమ్మ గుర్తొస్తుంది.

ఇదంతా విని మా చెల్లెలు ఫోను పక్కన పడేసింది. వాళ్ళాయన లేచి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. చివరికి అది అడిగింది, "తర్వాతైనా నానమ్మని ఆ పేరుతో ఎవరైనా పిలిచారా అక్కా?"

పిలవడానికి ఎవరున్నారు? నాన్నగారికి అమ్మ, మా అమ్మకి అత్తయ్యగారు, మాకు నానమ్మ. ఊళ్ళోవాళ్ళకి అలవాటు తప్పలేదు, సత్యవతమ్మగారే. పేరు పెట్టి పిలిచే వరస ఉన్న మనిషి ఆ ఇంట్లో ఒక్కరే.

బారసాలయిన కొన్నాళ్ళకి ఒక పొద్దున్న, నేను పెరటి అరుగు మీద జడ వేసుకుంటున్నాను. నానమ్మ కాగు కింద కొబ్బరిమట్టలు ఎగదోస్తోంది. పొగకి కళ్ళు చికిలించుకుని ఉంది. తాతయ్య లోపల్నుంచి వచ్చి పెరటి గుమ్మంలో నిలబడ్డారు. స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని ఉన్నారు, ఎక్కడికో బయల్దేరినట్టు. గొంతు సవరించుకున్నారు. "మరిడమ్మా" అన్నారు.

నా చేతిలో జడ ఆగిపోయింది. నానమ్మ ఇంకో మట్ట విరిచి పొయ్యిలో పెట్టింది.

ఆయన ఒక మెట్టు దిగారు. ఈసారి గట్టిగా, "మరిడమ్మా!"

నానమ్మ తల తిప్పలేదు. ఊదుగొట్టం అందుకుంటూ, "ఎవరొచ్చారండీ?" అంది. "కూర్చోమనండి, నీళ్ళు కాగాక వస్తాను."

తాతయ్య ఆ మెట్టు మీదే నిలబడిపోయారు. నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

"ఎవరూ రాలేదు" అన్నారు.